వాడే తింటాడులే అత్తా

కంచంలో పిడికెడు అన్నం, దాని మీద పప్పు, కాస్త నెయ్యి. కంచం కింద తడిపి పిండిన గుడ్డ. ఆ గుడ్డ లేకపోతే కంచం జారుకుంటూ గడప దాకా పోతుంది. రుద్రవరంలో మా అక్క ఇంటి వసారాలో పన్నెండింటికి మొదలైన ఈ భోజనం ముప్పావుగంట దాటినా సగానికి రాలేదు. మా మేనల్లుడు మెతుకుల్ని వేళ్లతో కూడగడతాడు. ముద్ద అయ్యేలోపే అది విచ్చిపోతుంది. మళ్లీ కూడగడతాడు. ఎత్తిన దాంట్లో సగం చొక్కా మీదికి, కొంత వసారా కింద కాచుకుని ఉన్న కోడిపెట్టకి, మిగిలింది నోట్లోకి.

పక్కనే వాళ్లవ్వ కూర్చుని ఉంది. ఆమె కుడిచెయ్యి ఒళ్లో కుదురుగా ఉండదు. ముద్ద విచ్చినప్పుడల్లా కాస్త లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. చివరికి ఆగలేక అనేసింది.

“బిడ్డ ఆకలికి తట్టుకోలేడమ్మీ. నేను నాలుగు ముద్దలు పెడితే నీ సొమ్మేం పోతాది?”

“వాడే తింటాడులే అత్తా.”

నేను ఆళ్లగడ్డ నుంచి నెలకి రెండు ఆదివారాలైనా ఆ ఇంటికి పోతుంటాను. ఈ రెండు మాటలు వినకుండా తిరిగొచ్చిన ఆదివారం లేదు. అత్తాకోడళ్ల పోరు అనుకునేరు. ఇద్దరి తాపత్రయమూ ఆ పిల్లవాడి మీదే. ఒకామెది చేసిపెట్టే ప్రేమ, ఇంకొకామెది చేయనిచ్చే ప్రేమ. రెండోది చూసేవాళ్లకి కఠినంగా కనిపిస్తుంది. పక్కింటివాళ్లు మా అక్కని “రాతి గుండె” అనడం నా చెవులతో విన్నాను.

వాడికి నాలుగేళ్లు నిండాయి. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. పేరు రాయొద్దని అక్క ముందే షరతు పెట్టింది. ఇంట్లో వాడు చిన్నోడు. ఇక్కడా అంతే.

బొటనవేలి సందు

చిన్నోడు పుట్టింది నంద్యాలలో. రెండో రోజు పొద్దున పిల్లల డాక్టరు మా బావని వరండాలోకి పిలిచి సంగతి చెప్పారు. అక్కకి చెప్పలేదు. బాలింతకి ఇప్పుడే చెబితే పాలు పడవని పెద్దవాళ్లు అడ్డం పడ్డారు. అలా మూడు వారాల పాటు ఇంటిల్లిపాదికీ తెలిసి, కన్నతల్లికి ఒక్కదానికే తెలియని సంగతి అయిపోయింది. “జబ్బు పేరు విన్నప్పుడు అంత ఏడవలేదు రా. మీరంతా నా ముందర నవ్వు మొహాలు పెట్టుకుని తిరిగినారే, అది తలుచుకుంటే ఇప్పుడూ మండుతాది” అంటుంది అక్క. ఆ నవ్వు మొహాల్లో నాదీ ఒకటి.

పుట్టగానే డాక్టర్లు చూసే గుర్తులు కొన్ని ఉంటాయి. కళ్ల చివరలు కాస్త పైకి లేచి ఉండటం, అణిగిన ముక్కు దూలం, ఎత్తుకుంటే చేతుల్లోంచి జారిపోయేంత మెత్తటి ఒళ్లు. దాదాపు సగం మందికి అరచేతిలో అడ్డంగా ఒకే గీత. కాలి బొటనవేలికీ రెండో వేలికీ మధ్య వెడల్పాటి సందు. ఆ సందు చూసి అవ్వ, అప్పటికి జబ్బు సంగతి తెలియక, “చెప్పుల వారు కోసం దేవుడే చోటు వదిలినాడు సూడు” అని మురిసిపోయింది. తెలిసిన తర్వాత ఆ మాటే తలుచుకుని ఏడ్చిందట.

రక్తం హైదరాబాద్‌లోని ల్యాబ్‌కి పంపారు. వారాల తర్వాత వచ్చిన కాగితం మీద ఒక వరస: 47, ఎక్స్‌వై, +21. మనిషి కణంలో ఉండాల్సిన క్రోమోజోములు 46, అంటే 23 జతలు. అండం తయారయ్యేటప్పుడు 21వ జత విడిపోవాల్సిన చోట ఒక్కోసారి విడిపోదు. అప్పుడు బిడ్డకి ఆ క్రోమోజోము రెండుకి బదులు మూడు వస్తాయి. కొద్దిమందిలో ఈ పొరపాటు తండ్రి వైపు నుంచీ రావచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉన్న నూరుమందిలో దాదాపు 95 మందికి కారణం ఇదే. ఇంకో మూడు నాలుగు శాతం మందిలో అదనపు 21 మరో క్రోమోజోముకి అతుక్కుని ఉంటుంది. ఆ రకం కొన్ని కుటుంబాల్లో తల్లి నుంచో తండ్రి నుంచో దిగిరావచ్చు కాబట్టి, మళ్లీ కాన్పు అనుకునేవాళ్లకి ఈ కార్యోటైప్ కాగితం చాలా అవసరం. మొహం చూస్తేనే తెలుస్తోంది, పరీక్ష ఎందుకులే అని వదిలేయకూడదు.

కాగితం వచ్చేలోపే ఊళ్లో తీర్పు చెప్పేశారు. మేనరికం.

మా అక్క చేసుకున్నది మా మేనత్త కొడుకునే. అంటే చిన్నోడి అవ్వ నాకు స్వయానా మేనత్త. అక్కకి మేనత్తా, అత్తా రెండూ ఆమే. “నా తమ్ముని బిడ్డ నా ఇంటికే రావాల” అని పట్టుబట్టి ఈ పెళ్లి చేసింది కూడా ఆమే. ఊరు మేనరికం అన్న రోజు నుంచి ఆ మాట ఆమె గుండెల్లో దిగబడి ఉంది. డాక్టరు విడమరిచి చెప్పారు. తలసేమియా లాంటివి, పుట్టుచెవుడులో కొన్ని రకాలు మేనరికాల్లో ఎక్కువ వస్తాయి నిజమే, ఎందుకంటే ఒకే లోపమున్న జన్యువు రెండు వైపుల నుంచీ కలిసే అవకాశం ఉంటుంది. ఇది ఆ బాపతు కాదు, బొత్తిగా సంబంధంలేని ఇళ్లలోనూ ఇంతే వస్తుందని. అత్త బుద్ధిగా తల ఊపింది. నమ్మిందని నేను అనుకోను. అన్నం ముద్దల కోసం ఆమె చెయ్యి అలా లేవడం వెనుక ఆకలి ఒక్కటే లేదని నాకు ఇలాగే తెలిసింది. ఆమె అపరాధం తీర్చుకుంటోంది. లేని అపరాధం.

ఆ తీర్పు చాలదన్నట్టు ఇంకొందరు గ్రహణం పూట బయటికొచ్చిందా అని ఆరా తీశారు. వయసు సంగతి మాత్రం నిజమైన సంగతే. తల్లికి ఇరవై ఏళ్లప్పుడు దాదాపు 1500 కాన్పుల్లో ఒకటిగా ఉండే అవకాశం 35 దగ్గర 350లో ఒకటికి, నలభైకి నూటిలో ఒకటికి పెరుగుతుంది. అయితే మా అక్కకి అప్పుడు 26. మన దగ్గర ఎక్కువ కాన్పులు ఆ వయసుకి అటూ ఇటూనే కాబట్టి ఇలాంటి పిల్లల్లో ఎక్కువమంది చిన్న వయసు తల్లులకే పుడతారు. అయిదో నెలలో తీసిన టిఫ్ఫా స్కాన్‌లో ఏమీ కనిపించలేదు. స్కాన్ బాగుందంటే డౌన్ సిండ్రోమ్ లేదని అర్థం కాదు. మూడో నెలలో స్కాన్‌తో పాటు చేసే డబుల్ మార్కర్ రక్త పరీక్ష కూడా అవకాశం ఎంతో చెబుతుందే తప్ప తేల్చి చెప్పదు. తేల్చాలంటే ఉమ్మనీరో, మాయ నుంచి చిన్న ముక్కో తీసి చూడాల్సిందే. ఇవన్నీ మాకు చిన్నోడు పుట్టాక తెలిశాయి.

పిలిచే పేర్లు

1866లో జాన్ లాంగ్‌డన్ డౌన్ అనే ఇంగ్లిష్ డాక్టరు ఈ పిల్లల పోలికల్ని మొదటిసారి వివరంగా రాశాడు. ఆయన పేరే నిలిచింది. కానీ ఆయన పెట్టిన పేరు వేరే. కళ్ల తీరు చూసి మంగోలియా జాతి పేరు తగిలించాడు. మంగోలియా ప్రభుత్వం అభ్యంతరం చెప్పాక 1965లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట వాడకం మానేసింది. పారిస్‌లో జెరోమ్ లెజూన్, మార్థ్ గోతియే, రేమండ్ తుర్పాన్ అదనపు క్రోమోజోము సంగతి ప్రకటించింది 1959లో. ఇందులో వింత ఏమిటంటే, లాంగ్‌డన్ డౌన్ చనిపోయాక పుట్టిన ఆయన మనవడికి కూడా డౌన్ సిండ్రోమే. తాత పేరే పెట్టారు వాడికి, జాన్ అని.

ఇక్కడ ఊళ్లో వినబడే పేర్లు అందరికీ తెలిసినవే, రాయను. ఒక్కటి మాత్రం చెప్పాలి. మూడో తరగతి చదివే మా మేనకోడలు, అంటే చిన్నోడి అక్క, బళ్లో ఎవరో “మీ తమ్ముడు మెంటల్ అంట కదా” అన్నందుకు వాడి పలక పగలగొట్టి వచ్చింది. పలకకి డబ్బులు బావ కట్టాడు. తిట్టమని అక్క అంటే, “కొత్త పలక కొనిచ్చినా కదా, ఇంకా ఏం తిట్టాల?” అన్నాడు.

తూరుపున నల్లమల మీద ఎండ పడకముందే

ఆ ఇంట్లో రోజు అయిదున్నరకి ఒక చిన్న మాత్రతో మొదలవుతుంది. థైరాయిడ్ మాత్ర. చెంచాలో పొడి చేసి, రెండు చుక్కల నీళ్లు కలిపి, పరగడుపున నోట్లో వేయాలి. అరగంట దాకా పాలివ్వకూడదు. ఆ అరగంట చిన్నోడికి ప్రళయం. బావ వాణ్ణి భుజాన వేసుకుని దొడ్లో గేదె దగ్గరికి తీసుకుపోతాడు. పాలు పితకడం చూస్తూ పాలు తాగకుండా ఉండటం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. ఈ పిల్లల్లో థైరాయిడ్ తక్కువగా ఉండటం చాలా మామూలు. పుట్టినప్పుడు, ఆరో నెలలో, ఏడాదికి, ఆ తర్వాత ఏటా రక్తం చూడాలి. మాత్ర వేయకపోతే బుద్ధి ఎదుగుదలే దెబ్బ తింటుంది. అది కూడా డౌన్ సిండ్రోమ్ ఖాతాలోనే పడిపోతుంది, ఎవరూ గుర్తు పట్టరు.

చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. గుండె ముందు. దాదాపు సగం మంది పిల్లలకి పుట్టుకతోనే గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది కాబట్టి పుట్టిన కొన్నాళ్లకే ఎకో తీయాలి. చిన్నోడికి చిన్న రంధ్రం ఉండేది, దానంతట అదే మూసుకుంది. ఆపరేషన్ కావలసిన పిల్లలకి, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకంలో చేయించుకునే వీలుంది. చెవి గొట్టాలు సన్నం కావడంతో లోపల జిగట నీరు నిలిచి సరిగా వినబడదు. పిలిస్తే పలకడం లేదంటే మొండితనం అనుకునే ముందు చెవి చూపించాలి. మెడ పైభాగంలోని రెండు ఎముకల మధ్య పట్టు కొందరిలో వదులుగా ఉంటుంది. అందుకని అక్క ఇంట్లో ఒకే ఒక్క ఆట నిషేధం: పల్టీలు. చావిట్లో గడ్డివాము మీద మిగతా పిల్లలు పల్టీలు కొడుతుంటే చిన్నోడికి రెఫరీ ఉద్యోగం ఇచ్చారు. చప్పట్లు కొట్టాలి. బాగానే చేస్తాడు.

అసలు పని ఆ తర్వాత. వాడి కండరాలు మెత్తన. ఆ మెత్తదనం వల్ల కూర్చోవడం, నిలబడటం, నమలడం, మాట్లాడటం అన్నీ ఆలస్యం. డౌన్ సిండ్రోమ్ పిల్లలు ఏడాదికి నడిచేవాళ్లూ ఉన్నారు, నాలుగేళ్లకి నడిచేవాళ్లూ ఉన్నారు. చిన్నోడు రెండేళ్ల మూడు నెలలకి నడిచాడు. వడ్ల మూటల మధ్య. మూట పట్టుకుని నిలబడేవాడు, ఎదుటి మూటకి రెండడుగులు. బావ రోజూ ఆ మూటల్ని జానెడు దూరం జరిపేవాడు. కాలువ కింద కౌలుకి తీసుకున్న మూడెకరాల వరి పంట అది. ధర వచ్చినా అమ్మకుండా ఆ మూటల్ని నెల రోజులు అదనంగా ఇంట్లోనే ఉంచాడు. ఎందుకని అడిగితే మార్కెట్ బాలేదన్నాడు.

వేళ్ల పట్టు కోసం బొరుగులు. ఉగ్గాని చేసే పొద్దున అక్క గుప్పెడు బొరుగులు చిన్నోడి ముందు పోస్తుంది. ఒక్కొక్కటే బొటనవేలు, చూపుడువేలుతో తీసి నోట్లో వేసుకోవాలి. మొదట్లో అరచేత్తో ఊడ్చేవాడు. ఆర్నెల్లు పట్టింది రెండు వేళ్లు కలవడానికి. పట్నంలో ఇదే పనికి రంగురంగుల పూసలు, చెక్కముక్కలు కొనిపిస్తారు. బొరుగు పోయినా నష్టం లేదు, మింగినా భయం లేదు. బుడ్డలు మాత్రం ఇవ్వకూడదు, గొంతుకి అడ్డం పడతాయి.

నిక్కరు తొడుక్కోవడం నేర్పింది వెనక నుంచి. ఇది సికింద్రాబాద్‌లో నేర్చుకొచ్చిన విద్య. మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది, బుద్ధి ఎదుగుదలలో వెనకబడిన పిల్లల కోసం. ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. అక్కడ చెప్పారు: పది మెట్ల పని ఉంటే తొమ్మిది మెట్లు మీరు చేయండి, పదోది పిల్లవాడికి వదలండి. నిక్కరు కాళ్లలోంచి నడుము దాకా అక్క లాగుతుంది, చివరి జానెడు చిన్నోడు లాక్కోవాలి. పని పూర్తి చేసిన సంతోషం వాడిది అవుతుంది. అది కుదిరాక తొమ్మిదో మెట్టు కూడా వదలాలి. తర్వాత ఎనిమిది. చివరి మెట్టు ముందు నేర్పడం అన్నమాట. నాకు ఈ పద్ధతి ఎంత నచ్చిందంటే, నేను చదువు చెప్పే బళ్లో ఎక్కాలకి కూడా వాడి చూశాను. పని చేసింది.

వారానికోసారి పట్నం పోయే థెరపీ ఈ ఇంటి తాహతుకి అందదు. అందనివాళ్లకి వేరే దారి ఎప్పుడో కనిపెట్టారు. 1969లో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం పల్లెటూళ్లలో ఇదే చిక్కు వచ్చింది, పిల్లలు దూరం దూరం, బస్సు లేదు. అప్పుడు పోర్టేజ్ అనే చిన్న పట్టణంలో ఒక పద్ధతి మొదలుపెట్టారు. టీచరే వారానికోసారి ఇంటికి వచ్చి తల్లికి ఒకటి రెండు పనులు చూపించి పోవాలి, ఆ వారమంతా తల్లే టీచరు. మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం చూసే 30 లోపాల జాబితాలో డౌన్ సిండ్రోమ్ కూడా ఉంది. అంగన్‌వాడీలకీ, బళ్లకీ వచ్చే డాక్టర్ల బృందం ఇలాంటి పిల్లల్ని గుర్తించి జిల్లా కేంద్రానికి పంపాలి. పంపిన తర్వాత నెలలు నెలలు ఇంట్లో ఏం జరుగుతుందన్నదే అసలు చికిత్స. ఆ చికిత్స తడిగుడ్డ మీద కంచం పెట్టడంలో ఉంటుంది, మూట జానెడు జరపడంలో ఉంటుంది.

అందుకే అత్త చెయ్యి గురించి ఇంత రాస్తున్నాను. ఆమె పెట్టే నాలుగు ముద్దలు ఆ పూట ఆకలిని తీరుస్తాయి. వాడు కూడగట్టుకోవాల్సిన నాలుగు ముద్దల్ని మాత్రం లాగేసుకుంటాయి. రోజుకి మూడు పూటలు లెక్కేసుకుంటే ఏడాదికి నాలుగు వేల పైచిలుకు ముద్దలు. దయ ఇంత బరువుంటుందని నేను ఈ ఇంట్లోనే చూశాను. అట్లని అక్క కూడా ఎప్పుడూ రాయిలా ఉండదు. వరికోతల రోజుల్లో, కూలీలకి అన్నం మోసుకుపోవాల్సిన పూట, అత్తని పిలిచి “ఈ పూటకి నువ్వే పెట్టు” అంటుంది. ఆ పూట అవ్వ మొహం చూడాలి. పండగ.

అక్క అంటే అత్త

చిన్నోడికి మాటలు తక్కువ. అర్థం చేసుకునేది మాత్రం చాలా ఎక్కువ. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో చాలామందిలో ఈ తేడా కనిపిస్తుంది. లోపల ఉన్నదాన్ని నాలుక బయటికి తేలేదు. కోపం అక్కడి నుంచే వస్తుంది. మాట వచ్చేలోపు సైగలు నేర్పమంటారు. మన ఇళ్లలో సైగలు ఎప్పటి నుంచో ఉన్నాయి, కొత్తగా కొనక్కర్లేదు. జేజే అంటే చేతులు జోడించడం, బువ్వకి వేళ్లు నోటి దగ్గర, చందమామని పిలిచే చెయ్యి, టాటా. “సైగలు నేర్పితే ఇంక మాటలు రావు” అని భయపెట్టినవాళ్లు ఉన్నారు. జరిగింది వేరే. సైగ చేసిన ప్రతి దానికీ అక్క మాట జోడిస్తూ పోయింది. ఏడాదిన్నరకి మాట కూడా వెనకే వచ్చింది.

మన చుట్టరికాలు ఇక్కడ ఆదుకున్నాయి. అమ్మ, మామ, బావ, అబ్బ అన్నీ పెదవుల మీద పలికేవే, పిల్లవాడు ఎదుటి మనిషి నోరు చూసి నేర్చుకోవచ్చు. అవ్వలో ‘వ’ కూడా కింది పెదవి దగ్గరే. క మాత్రం గొంతు దగ్గర పలుకుతుంది, కంటికి కనబడదు. అందుకని చిన్నోడి నోట్లో క అంతా త అవుతుంది. కాకి తాతి. ‘అక్క’ని ‘అత్త’ అంటాడు. ఇంట్లో ఉన్న అత్తలు చాలక ఎనిమిదేళ్ల పిల్ల ఇంకో అత్త అయింది. అది మొదట్లో ఉడుక్కునేది. ఇప్పుడు “అత్తా!” అని పిలిస్తే నడుముకి చెయ్యి పెట్టుకుని, వాళ్లవ్వ గొంతుతో “ఏమబ్బీ?” అంటుంది. వాడు పడీ పడీ నవ్వుతాడు.

చదువులో కూడా ఇలాంటిదే ఒక విచిత్రం ఉంది. చెవితో విన్నది వీళ్లకి త్వరగా జారిపోతుంది, కంటితో చూసింది నిలబడుతుంది. ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్‌లో స్యూ బక్లీ అనే మనస్తత్వవేత్త 1980 నుంచి ఈ దారిలోనే పనిచేశారు. మాటలు బాగా రాకముందే చదవడం నేర్పండి, అచ్చులో చూసిన మాట నోటికి సాయం చేస్తుందని. మనకి అ, ఆ నుంచి గుణింతాల దాకా ఎక్కించి కానీ మాట చదవనివ్వని అలవాటు. ఆ మెట్ల మీదే సగం మంది పిల్లలు జారిపడతారు, డౌన్ సిండ్రోమ్ లేనివాళ్లు కూడా. అక్క క్యాలెండర్ల వెనక తెల్ల కాగితం మీద అమ్మ, అవ్వ, బువ్వ, బంతి అని పెద్దగా రాసి వస్తువుల మీద అంటించింది. గేదె నుదుటి మీద అంటించడం కుదరలేదు. చిన్నోడు ఇప్పుడు తొమ్మిది మాటలు చూసి గుర్తుపడతాడు. అందులో ఒకటి ‘పార్లే’. అది ఎవరూ నేర్పలేదు.

అంగన్‌వాడీలో

మొదటి రోజు అంగన్‌వాడీ టీచరు రిజిస్టరులో బరువు రాసి కంగారుపడింది. ఎదుగుదల చార్టులో వాడు కింది గీత దగ్గర ఉన్నాడు. డౌన్ సిండ్రోమ్ పిల్లల ఎదుగుదల గీతలు వేరే ఉంటాయని, పొట్టిగా ఉండటం వాళ్ల తీరని చెబితే ఊపిరి పీల్చుకుంది. ఆ టీచరుకి పేరు పెట్టడానికి లేదు. వాడు గుడ్డు పెంకు తనే ఒలుచుకునే దాకా ఆయమ్మని దగ్గరికి రానివ్వలేదట. ఇది విన్నప్పుడు అక్క ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు. తనలాంటి రాతి గుండె ఊళ్లో ఇంకొకటి ఉందని తెలిసింది కదా.

వచ్చే ఏడాది బడి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలు 21. అందులో బుద్ధి వైకల్యం ఒకటి. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గరి బళ్లో కానీ, కావాలంటే ప్రత్యేక పాఠశాలలో కానీ ఉచితంగా చదువుకునే హక్కు ఆ చట్టం ఇచ్చింది. మండలాల్లో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక టీచర్లు ఉంటారు. అక్క కోరిక రెండూ కావాలని. పొద్దున మామూలు బడి, కొన్ని రోజులు భవిత. తోటి పిల్లల్ని చూసి నేర్చుకునేది ఏ టీచరూ నేర్పలేరు. పల్టీలకి రెఫరీగా ఉన్నవాడే అందరికంటే ముందు అంకెలు నేర్చుకున్నాడు మరి, ఒకటి, రెండు, మూడు అని అరవాలి కాబట్టి. ‘మూడు’ తర్వాత ఏముందో వాడికి అవసరం లేదు.

కాగితాల బాధ వేరే. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. అంతకు ముందు జిల్లా ఆఫీసు అంటే కర్నూలు, నూరు కిలోమీటర్లకి పైన. ఇప్పుడు కాస్త నయం. అయిదేళ్లలోపు పిల్లలకి వైకల్య ధ్రువపత్రం తాత్కాలికంగానే ఇస్తారు, అయిదు నిండాక మళ్లీ పరీక్ష. రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకి 3000 నుంచి 6000 రూపాయలు అయింది. పింఛను సంగతి వాడికి అయిదేళ్లు నిండాక చూద్దామని బావ ఆగాడు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద ‘నిరామయ’ అనే ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చులకి కూడా వస్తుంది. మా చుట్టుపక్కల ఇలాంటి పిల్లలున్న ఇళ్లలో నేను అడిగిన వాళ్లెవరికీ దాని పేరే తెలియదు.

పారువేట రాత్రి

కనుమనాడు అహోబిలంలో బయల్దేరే పారువేట పల్లకి నలభై రోజులకి పైగా ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతుంది. చెంచులక్ష్మిని పెళ్లాడబోయే నరసింహస్వామి, ఆ పెళ్లికి రమ్మని తానే గడప గడపకీ వస్తాడని ఈ వైపు నమ్మకం. ఎవరినీ వదలకుండా పిలిచే దేవుడు కాబట్టి అత్తకి మరీ గురి. చిన్నోణ్ణి ఎత్తి పల్లకి దాకా చేతుల మీద అందించాలని ఆమె, జనంలో నడిపించుకునే పోదామని అక్క. అక్కదే నెగ్గింది. ఇరవై గజాలకి పావుగంట పట్టింది. తీరా ముందుకి చేరాక వాడు స్వామిని చూడలేదు. డోలు వాయించే మనిషి వైపు తిరిగి చేతులు రెండూ జోడించి గట్టిగా “జేజే” అన్నాడు. ఆయన ఒక దెబ్బ ఎక్కువ వేశాడు.

ఆ రాత్రి ఆరుబయట మంచాలు వేసుకున్నాక అత్త అడిగింది, ఇలాంటి పిల్లలున్న ఇళ్లన్నింట్లో అడిగే మాటే: “మేమంతా పోయినాక వీణ్ణి ఎవరు సూస్తారు?” ఈ ప్రశ్న మన తాతల కాలంలో ఉండేది కాదు. 1983లో అమెరికాలోనే డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల సగటు ఆయుష్షు పాతికేళ్లు. ఇప్పుడు అరవై దాకా వచ్చింది, ముఖ్యంగా గుండె ఆపరేషన్ల వల్ల. తల్లిదండ్రుల తర్వాత కూడా బతికే పిల్లలు వీళ్లు. పద్దెనిమిదేళ్లు దాటాక చట్టప్రకారం సంరక్షకుణ్ణి నియమించే దారి జాతీయ ట్రస్టు చట్టంలో ఉంది. ఇదంతా నేను చెబుతుంటే, నిద్రపోతోందనుకున్న మేనకోడలు దుప్పటి లోంచి, “నేను సూస్తా” అంది. అక్క గట్టిగానే కసిరింది. “నువ్వు రేపటి లెక్కలు చూసుకో.” తర్వాత నాతో మెల్లగా అంది: “దాని నెత్తిన ఇప్పుడే పెట్టొద్దు రా. ఎవరి బతుకు వాళ్లకి ఉండాల.” వాడికి తన పనులు తను చేసుకోవడం నేర్పే తొందర ఎవరి కోసమో నాకు అప్పుడు అర్థమయింది.

ఆ తర్వాత ఒక ఆదివారం ఫోన్‌లో డబ్బు కట్టి ఆమిర్ ఖాన్ ‘సితారే జమీన్ పర్’ చూశాం, 2025లో వచ్చింది. అందులో నటించిన గోపీకృష్ణన్ వర్మకి డౌన్ సిండ్రోమ్. కేరళ అబ్బాయి. అంతకు ముందే 2021లో ‘తిరికె’ అనే మలయాళ సినిమాలో ముఖ్యపాత్ర వేశాడు. ఇదంతా అత్తకి చెప్పాను. ఇంకా, స్పెయిన్‌లో పాబ్లో పినేదా అనే ఆయన డిగ్రీ పుచ్చుకున్నాడని, 2009లో సాన్ సెబాస్టియన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి తీసుకున్నాడని కూడా చెప్పాను. ఆమె అంతా విని, తెర మీద గోపీకృష్ణన్‌ని కాసేపు చూసి, ఒకే ప్రశ్న వేసింది.

“ఈ అబ్బి అన్నం తనే తింటాడా?”

తింటాడన్నాను. ఇంకేమీ అడగలేదు.

మొన్నటి ఆదివారం సాయంత్రం నేను బయల్దేరుతుంటే చిన్నోడు బస్టాండు దాకా వస్తానన్నాడు. అనడమంటే నా సంచి పట్టుకుని గుమ్మంలో అడ్డంగా కూర్చోవడం. వాడికి కొత్త హవాయి చెప్పులు కొన్నారు. బెల్టు చెప్పులైతే బిగించడం కష్టం. హవాయి అయితే వారు నేరుగా ఆ బొటనవేలి సందులోకి పోతుంది. వాడే తొడుక్కుంటానన్నాడు. ఎడమ చెప్పు ఎడమ కాలికి పడింది. కుడి చెప్పు తలకిందులుగా పెట్టుకున్నాడు, తిప్పాడు, మళ్లీ తలకిందులు. అవతల బస్సు హారన్ వినబడింది. బావ నా వైపు చూశాడు, నేను అక్క వైపు చూశాను, అక్క గోడ వైపు చూసింది. అత్త వంగింది. ఆమె చెయ్యి చెప్పు దాకా పోయి, దాన్ని సరిగ్గా తిప్పి పెట్టి, వెనక్కి వచ్చేసింది.

“వారు నువ్వే దూర్చుకో” అంది.

బస్సు పోయింది. తర్వాతి బస్సుకి ఇంకా చాలా టైముందని బావ అరుగు మీద కూర్చున్నాడు. చిన్నోడు కుడి కాలి బొటనవేలిని చేత్తో పట్టుకుని పక్కకి లాగుతున్నాడు.